గాజు గుడ్డతో కారు కట్టాడు

1947, లండన్. యూనివర్సిటీ కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతున్న ఓ పంతొమ్మిదేళ్ల కుర్రాడు చదువుకుంటూనే పాత కార్ల బేరం మొదలుపెట్టాడు. దోస్తుతో కలిసి సెకండ్ హ్యాండ్ కారు కొనడం, కాస్త రిపేరు చేసి తుడిచి మెరిపించడం, నాలుగు పౌండ్లు ఎక్కువకి అమ్మేయడం. యుద్ధం అయిపోయిన కొత్తలో కొత్త కార్లు దొరకవు కాబట్టి పాతవాటికే గిరాకీ. చేతిలో డబ్బులు ఆడుతున్నాయి. అంతలో బ్రిటన్ ప్రభుత్వం సొంత కార్లకిచ్చే పెట్రోల్ రేషన్ ఎత్తేసింది. పెట్రోలే లేకపోతే కారెవరు కొంటారు? ధరలు ఢమాల్. ఉన్న కార్లన్నీ అయినకాడికి అమ్మేస్తే అప్పటిదాకా వచ్చిన లాభమంతా పోయింది. ఎవరూ కొనని ఓ పాత ఆస్టిన్ సెవెన్ మాత్రం మిగిలింది.

ఆ కుర్రాడి పేరు కోలిన్ చాప్‌మన్. లోటస్ కార్ల కంపెనీ పెట్టినాయన. ఫార్ములా వన్ చూసేవాళ్లకి పరిచయం అక్కర్లేదు, ఏడుసార్లు కన్‌స్ట్రక్టర్స్ చాంపియన్‌షిప్ గెలిచిన టీమ్ ఆయనది. అయితే ఈ రోజు నేను ఆయన గురించి రాస్తున్నది రేసుల కోసం కాదు. ఒక గుడ్డ కోసం. గాజు పోగులతో నేసిన గుడ్డ. మనం ఫైబర్‌గ్లాస్ అంటాం, షాపులో ఫైబర్ మ్యాట్ అని అడుగుతాం. విరిగిన బంపర్‌కి, పగిలిన పడవకి అతుకు వేయడానికి వాడే ఆ సరుకుతో ఈయన ఏకంగా కారునే కట్టేశాడు. ఫ్రేము లేదు, చాసిస్ లేదు. అది ఎంత తెలివైన పనో, ఎక్కడ బెడిసికొట్టిందో తెలిస్తే మెటీరియల్స్ సబ్జెక్టు మీద మీకున్న అభిప్రాయం కొంచెం మారొచ్చు. నాకు మారింది.

గో-కార్ట్ ముక్కు కథ

ముందు నా గొడవ చెప్పేస్తాను. ఫైనల్ ఇయర్‌లో మా బ్యాచ్ గో-కార్ట్ చేసింది. దాని ముందు భాగం, అంటే ముక్కు, ఫైబర్‌గ్లాస్‌తో మేమే పోత పోసుకున్నాం. ట్రయల్ రన్‌లోనే బోల్టు దగ్గర పగిలింది. పగులు మీద ఓ ముక్క మ్యాట్, రెజిన్ పూసి అతికించాం. వారం తిరక్కుండా అతుకు పక్కనే పగిలింది. ఇంకో ముక్క వేశాం. దాని పక్కన పగిలింది. మూడోసారికి ముక్కు బరువెక్కింది కానీ బలం పెరగలేదు.

ఆ సెలవుల్లో కాకినాడ వెళ్లినప్పుడు ఫైబర్ పడవలు బాగుచేసే ఒక మేస్త్రిని చూశాను. పగులు కనిపించగానే ఆయన అతికించలేదు. గ్రైండర్ తీసుకుని దాన్ని ఇంకా పెద్దది చేశాడు! పగులు చివర్లు దాటి గట్టి సరుకు తగిలేదాకా అరగదీశాడు. అంచులు నిట్టనిలువుగా వదలకుండా పళ్లెంలా ఏటవాలు చేశాడు. ఎందుకని అడిగితే, పైన అతికించినది లాగితే ఊడొస్తుందని, ఏటవాలు మీద పరిచినది పాతదాంతో కలిసి లాగుతుందని చెప్పాడు. పుస్తకాల్లో లెక్క ఏమిటంటే, మందానికి పన్నెండు రెట్లు ఏటవాలు ఉండాలి. 3 మిల్లీమీటర్ల పలక అయితే పగులుకి అన్ని వైపులా 36 మిల్లీమీటర్ల దూరం అరగదీయాలన్నమాట. అందులో గుడ్డ ముక్కలు ఒకదానికంటే ఒకటి పెద్దవిగా మెట్లు మెట్లుగా వేస్తూ, ఒక్కో పొర రెజిన్‌తో తడిపి, గాలి బుడగ మిగలకుండా రోలర్‌తో నొక్కాలి.

మేం చేసింది అతుకు, ఆయన చేసింది నిర్మాణం. ఈ తేడాని అందరికంటే ముందే పట్టుకుని దాని మీద కంపెనీనే పణంగా పెట్టినవాడు చాప్‌మన్. ఇక ఆయన దగ్గరికి వెళ్దాం.

మ్యాథ్స్ పోయింది

చాప్‌మన్ 1928 మే 19న లండన్ శివార్లలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. పెరిగింది ఉత్తర లండన్ హార్న్‌సీలో. వాళ్ల నాన్న అక్కడ రైల్వే హోటల్ నడిపేవాడు. చదివింది మెకానికల్ కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. బ్రిడ్జిలు, బిల్డింగులు కట్టే చదువు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది. కాలేజీలో ఉండగానే యూనివర్సిటీ ఎయిర్ స్క్వాడ్రన్‌లో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. ఫైనల్ పరీక్షల్లో మ్యాథ్స్ పేపర్ పోయింది. 1948లో డిగ్రీ లేకుండానే కాలేజీ బయటికొచ్చి, మర్నాడు ఏడాది మళ్లీ రాసి పట్టా తెచ్చుకున్నాడు. బ్యాక్‌లాగ్ ఉన్న వీరులంతా కాలర్ ఎగరేయండి, కానీ సప్లీ రాసి పాసయ్యాడన్న సంగతి మర్చిపోవద్దు.

అమ్ముడుపోని ఆస్టిన్ సెవెన్ సంగతేంటి? దాన్ని తన గర్ల్‌ఫ్రెండ్ హేజెల్ విలియమ్స్ వాళ్లింటి వెనక గ్యారేజీలో పెట్టి పాత బాడీ పీకేశాడు. అల్యూమినియం రేకు అతికించిన ప్లైవుడ్‌తో కొత్త బాడీ కట్టాడు. 1948లో తయారైన ఆ బండే మొదటి లోటస్. దాంతో బురద గుట్టలెక్కే ట్రయల్ పోటీలకు వెళ్లాడు. ఆ తర్వాత రెండోది, మూడోది.

కొన్నాళ్లు రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఉండొచ్చి, బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. పని ఏమిటంటే, బిల్డింగులు కట్టేవాళ్లని కలిసి ఉక్కుకి బదులు అల్యూమినియం వాడమని ఒప్పించడం. సేల్స్ జాబే కదా అని తీసిపారేయకండి. ఉక్కు దూలాన్ని తీసేసి అదే సైజు అల్యూమినియం దూలం పెడితే వంగిపోతుంది. కొత్త మెటీరియల్ వస్తే ఆకారమూ కొత్తగా ఆలోచించాలి, బరువు ఏ దారిన నేలకి చేరుతుందో మళ్లీ గీసుకోవాలి. రోజూ పది మందికి ఇదే వివరించే మనిషికి అది ఒంటబట్టక ఏమవుతుంది? కొన్నేళ్ల తర్వాత ఆయన కారుతో చేసింది సరిగ్గా ఇదే.

1952 జనవరి 1న లోటస్ ఇంజినీరింగ్ మొదలైంది. పెట్టుబడి 25 పౌండ్లు. అదీ హేజెల్ ఇచ్చిన అప్పు. వర్క్‌షాపు నాన్న హోటల్ వెనకున్న పాత గుర్రపుశాల. పగలు అల్యూమినియం ఉద్యోగం, రాత్రి గుర్రపుశాల. 1955 దాకా ఇదే బతుకు, ఆ తర్వాతే ఉద్యోగం మానేశాడు. ఈలోగా 1954లో హేజెల్‌నే పెళ్లి చేసుకున్నాడు. అప్పు తీర్చాడో లేదో నాకు తెలీదు!

మొదట్లో కార్లని విడిభాగాల కిట్‌గా అమ్మేవాడు. కొన్నవాళ్లు ఇంటి దగ్గర బిగించుకోవాలి. అలా అయితే కొనుగోలు పన్ను పడదు. ఆ గుర్రపుశాలలో పనిచేసిన వాళ్ల లిస్టు చూస్తే మతిపోతుంది. మైక్ కాస్టిన్, కీత్ డక్‌వర్త్ బయటికెళ్లి కాస్‌వర్త్ ఇంజిన్ల కంపెనీ పెట్టారు. అక్కడ మెకానిక్‌గా చేరిన గ్రాహమ్ హిల్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

రాడ్డు, కాంక్రీటు, గాజు, బంక

ఫైబర్‌గ్లాస్ చాప్‌మన్ కనిపెట్టింది కాదు. 1930ల్లో అమెరికాలో ఓవెన్స్ కంపెనీ వాళ్లు కరిగిన గాజుని గాలితో ఊది సన్నటి పోగులు తీయడం నేర్చారు. ఆ పోగుల్ని గుడ్డగా నేసి పాలియెస్టర్ రెజిన్‌లో తడిపితే గట్టి పలక అవుతుందని యుద్ధకాలంలో తెలిసింది. యుద్ధం అయ్యాక మొదట ఎగబడింది పడవలవాళ్లు. చెక్క కుళ్లుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, దీనికి ఆ రెండు బాధలూ లేవు. 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ కారు ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చింది. కానీ దాని కింద మామూలు ఉక్కు ఫ్రేము ఉంది. బరువంతా ఫ్రేము మోస్తుంది, ఫైబర్ పైన చొక్కా మాత్రమే.

చాప్‌మన్ ఆలోచన వేరే దారిలో వెళ్లింది. స్ట్రక్చరల్ ఇంజినీర్ కదా! సివిల్ వాళ్లకి ఇట్టే అర్థమయ్యేలా చెప్తాను. మన ఇంటి స్లాబులో కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. లాగుడు భరించేది లోపలి రాడ్డు. ఫైబర్‌గ్లాస్ కూడా అంతే. గాజు పోగులు రాడ్లు, రెజిన్ కాంక్రీటు. రెజిన్ సొంతంగా పెళుసు. దాని పని పోగుల్ని ఒకచోట పట్టి ఉంచడం, ఒక పోగు మీది బరువుని పక్క పోగుకి పంచడం. నేసిన గుడ్డలో పోగులు నిలువుగా, అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ రెండు దిక్కుల్లో బలం ఎక్కువ. మ్యాట్‌లో తుంపులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, అన్ని వైపులా ఓ మోస్తరు బలం. ఎక్కడ లాగుడు ఎక్కువో అక్కడ ఎక్కువ పొరలు, లేనిచోట తక్కువ. అంటే బరువు వెళ్లే దారిని బట్టి కారు మందాన్ని చోటుచోటుకీ మార్చుకోవచ్చు. ఉక్కు రేకుతో అది అంత తేలిక కాదు.

అలా పుట్టింది లోటస్ ఎలీట్. 1957 అక్టోబర్‌లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో చూపించారు. దీని రూపం గీసిన పీటర్ కిర్వాన్-టేలర్ వృత్తిరీత్యా అకౌంటెంట్. మైక్ కాస్టిన్ అన్న ఫ్రాంక్ విమానాల ఏరోడైనమిక్స్ మనిషి, ఆయన గాలి లెక్కలు సరిచేశాడు. బాడీని మూడు పెద్ద పోతలుగా చేసి అతికించారు: కింద నేల, మధ్యలో బరువు మోసే పెట్టె, పైన చర్మం. ముగ్గురూ కలిసి ఒకే గుల్ల, కోడిగుడ్డు పెంకులా. లోహం దాదాపు లేదు. ఇంజిన్, ముందు సస్పెన్షన్ కోసం ముందు భాగంలో ఓ చిన్న ఉక్కు ఫ్రేముని ఫైబర్‌లో పాతేశారు. అద్దం చుట్టూ ఒక ఉక్కు చట్రం. తలుపుల కీలు, జాకీ పెట్టే చోటు, బోల్తా పడితే తల కాపాడేది కూడా అదే. ఒక్క చట్రంతో ఇన్ని పనులు చేయించడం చాప్‌మన్ అలవాటు. కారు మొత్తం బరువు ఐదు వందల కిలోల చిల్లర. 1216 సీసీ చిన్న ఇంజిన్‌తోనే దూసుకెళ్లేది. లె మాన్ 24 గంటల రేసులో తన క్లాసులో ఆరుసార్లు గెలిచింది.

పీక్కొచ్చిన మౌంటింగ్‌లు

సూపర్ హిట్ కదా అనుకుంటున్నారా? ఇక్కడే అసలు కథ. రోడ్డు మీదికెళ్లిన ఎలీట్లలో సస్పెన్షన్ బిగించిన చోట్లు ఫైబర్‌లోంచి పీక్కొచ్చేయడం మొదలైంది. పలక మధ్యలో ఏమీ కాలేదు. గుల్ల బలంగానే ఉంది. కానీ బోల్టు దగ్గర, చక్రం మీది దెబ్బంతా రూపాయి బిళ్లంత జాగాలోకి వచ్చి పడుతుంది. ఉక్కు అయితే అలాంటిచోట కొంచెం సాగి సర్దుకుంటుంది. గాజుకి సాగడం రాదు. పోగు తెగుతుంది, రెజిన్ చిట్లుతుంది, పగులు పక్కకి పాకుతుంది. మా గో-కార్ట్ ముక్కుకి జరిగింది కూడా ఇదే! మేం పగులుకి అతుకు వేస్తున్నాం, రోగం బోల్టులో ఉంది. బోల్టు కింద పెద్ద ప్లేటు వేసి బరువుని పరచి ఉంటే సరిపోయేది. 1957లో చాప్‌మన్‌కి ఈ మెటీరియల్ అలసట గురించి చెప్పే పుస్తకాలు పెద్దగా లేవు. మాకు మాత్రం ఉన్నాయి, మేమే తెరవలేదు.

ఇంకో చిక్కు, చేతిపని. రెజిన్ పూసే కుర్రాడి చెయ్యి ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా పడితే కారుకో మందం. తర్వాత బాడీల పని విమానాలు చేసే బ్రిస్టల్ కంపెనీకి ఇచ్చాక నాణ్యత మెరుగుపడింది. కానీ ఖర్చు తగ్గలేదు. ఎలీట్ ప్రతి కారు మీదా లోటస్‌కి నష్టమే వచ్చింది. 1963లో ఆపేసేసరికి అమ్మినవి సుమారు వెయ్యి కార్లు.

రిపేరు విషయం కూడా చెప్పాలి. మామూలు కారు ముందు రెక్క నలిగితే బోల్టులు విప్పి కొత్తది పెడతారు, లేదా సుత్తితో కొట్టి లప్పం పెడతారు. ఎలీట్ ఒకే గుల్ల కాబట్టి విప్పడానికేమీ లేదు. విరిగినంత మేర కోసేసి, కొత్త ముక్క పెట్టి, ఏటవాలు అంచుల మీద గుడ్డ, రెజిన్‌లతో కలపాలి. కాకినాడ మేస్త్రి చేసిన పనే. అందులో పైపైన లప్పం పూసి రంగేస్తే చూడ్డానికి కొత్తగా ఉంటుంది, బరువు మోయాల్సిన రోజున మోయదు. మామూలు కారులో తప్పుడు రిపేరు అందం చెడగొడుతుంది. ఇందులో మాత్రం చక్రం చేతికొస్తుంది.

మీలో ఎవరైనా చేయాలనుకుంటే ఒక జాగ్రత్త. మన దగ్గర పాలియెస్టర్ రెజిన్‌తో పాటు కోబాల్ట్ అనే ఊదా రంగు ద్రవం, హార్డ్‌నర్ విడివిడిగా ఇస్తారు. ఆ రెండింటినీ ఎప్పుడూ నేరుగా కలపొద్దు. భగ్గుమంటుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డ్‌నర్, వంద గ్రాములకి ఒకటి రెండు గ్రాములు. కళ్లద్దాలు, గ్లవుజులు తప్పనిసరి. అరగదీసేటప్పుడు మాస్క్ లేకపోతే గాజు పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకే. మొదటి రోజు నేను పెట్టుకోలేదు. రాత్రంతా దగ్గు, దురద.

మళ్లీ గీసుకున్నాడు

చాప్‌మన్ గొప్పతనం ఎలీట్ కట్టడం కాదని, దాన్ని వదిలేయడమని నాకనిపిస్తుంది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌లో ఆయన వెనక్కి తగ్గాడు. నడుముకి వెన్నెముకలా ఒక మడత ఉక్కు చాసిస్, దాని మీద ఫైబర్ బాడీ. సస్పెన్షన్ దెబ్బలు ఉక్కు తింటుంది, ఆకారం ఫైబర్ ఇస్తుంది. ఫైబర్‌లో బోల్టు పెట్టాల్సిన ప్రతిచోటా లోహపు బాబిన్‌ని పోతలోనే కలిపేశారు. బోల్టు ఫైబర్‌ని నేరుగా తాకదు. ఎలీట్ నేర్పిన పాఠం ఆ చిన్న బాబిన్‌లో ఉంది. ఎలాన్ బాగా అమ్ముడుపోయింది, కంపెనీ నిలబడింది. తమాషా ఏమిటంటే, తర్వాతి ఏళ్లలో తుప్పు పట్టింది ఆ ఉక్కు చాసిస్సే, ఫైబర్ చెక్కుచెదరలేదు. ఆ కారు మీద పనిచేసిన రాన్ హిక్‌మన్ తర్వాత ఇళ్లలో వడ్రంగం చేసుకునేవాళ్ల కోసం వర్క్‌మేట్ అనే మడత బల్ల కనిపెట్టి బోలెడు సంపాదించాడు. అది వేరే కథ.

గుల్లే బరువు మోయాలన్న ఆలోచన మాత్రం ఆయన్ని వదల్లేదు. అదే ఏడాది దాన్ని అల్యూమినియంలోకి మార్చి లోటస్ 25 రేసు కారు చేశాడు. జిమ్ క్లార్క్ దాంతో 1963లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఫార్ములా వన్ అంతా ఆ దారినే నడిచింది. 1966లో కంపెనీ నార్ఫోక్‌లోని హెథెల్‌కి, యుద్ధకాలంలో అమెరికన్ బాంబర్లు ఎగిరిన పాత ఎయిర్‌ఫీల్డ్‌కి మారింది.

నార్ఫోక్ అంటే నీళ్ల దేశం. కాలవలు, పడవలు. 1970ల మొదట్లో చాప్‌మన్ అక్కడి మూన్‌రేకర్ అనే ఫైబర్ పడవల కంపెనీ కొనేశాడు. కారుకి పడవతో ఏం పని అని చాలామందికి అనిపించి ఉంటుంది. ఆయనకి మాత్రం రెండూ ఒకటే, గాజు గుడ్డ గుల్లలు. పడవల పోతల్లో ఎదురైన చేతిపని తలనొప్పికి ఆయన బృందం ఓ విరుగుడు తయారుచేసింది. పొడి గుడ్డని అచ్చులో పరిచి, పైన ఇంకో అచ్చు మూసేసి, లోపలి గాలి వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. ఒకవైపు నుంచి రెజిన్ వదులుతారు. గాలి పోయిన ఖాళీలోకి అదే పాకి ప్రతి పోగునీ తడుపుతుంది. రెండు వైపులా నున్నగా, ఒకే మందంతో పలక వస్తుంది. బుడగలు తక్కువ, ముక్కులు పగిలే వాసన తక్కువ, మనుషుల మీద ఆధారపడడం తక్కువ. వ్యాక్యూమ్ అసిస్టెడ్ రెజిన్ ఇంజెక్షన్ అని పేరు. 1974 నాటి కొత్త ఎలీట్, 1976లో మార్కెట్‌కొచ్చిన ఎస్‌ప్రీ కార్లకి ఇదే పద్ధతి. పై సగం, కింది సగం విడిగా పోత పోసి నడుము దగ్గర కలిపేవారు. ఆ అతుకు గీత ఆ కార్ల చుట్టూ స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి ఎస్‌ప్రీ ఫొటో చూస్తే గమనించండి. 1977 జేమ్స్ బాండ్ సినిమాలో నీళ్లలోకి దూకి సబ్‌మెరైన్ అయిపోయే తెల్ల కారు అదే.

పడవల వ్యాపారం మాత్రం ఆయనకి కలిసిరాలేదు. ఆయిల్ సంక్షోభం తర్వాత లగ్జరీ పడవలు కొనేవాళ్లు తగ్గారు. పద్ధతి మాత్రం బతికింది. పోతలోకి వ్యాక్యూమ్‌తో రెజిన్ లాగే పద్ధతులతోనే ఇప్పుడు గాలిమరల రెక్కలు, పెద్ద పడవల గుల్లలు తయారవుతున్నాయి. కాంపోజిట్స్ ఉద్యోగాల ప్రకటనల్లో రెజిన్ ఇన్ఫ్యూజన్ అనే మాట కనిపిస్తే అది ఈ కుటుంబానిదే. ప్లాస్టిక్స్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకి మన హైదరాబాద్, విజయవాడల్లోనూ సిపెట్ కేంద్రాలున్నాయి.

తేలికతనం ఖరీదు

ఇప్పటిదాకా చెప్పింది చదివి ఆయన్ని దేవుణ్ని చేసేయొద్దు. ప్రతి గ్రామూ తీసేయాలన్న పట్టుదల ఎక్కడ ఆగాలో చాప్‌మన్‌కి కొన్నిసార్లు తెలియలేదు. 1960లో బెల్జియం స్పా ట్రాక్ మీద ప్రాక్టీసులో ఒకేరోజు రెండు లోటస్‌లు విరిగాయి. ఒకదానికి చక్రం ఊడి స్టిర్లింగ్ మాస్ కాళ్లు విరిగాయి. ఇంకోదానికి స్టీరింగ్ విరిగి మైక్ టేలర్ తీవ్రంగా గాయపడ్డాడు, తర్వాత కంపెనీ మీద కేసు వేసి గెలిచాడు. 1969లో యోహెన్ రింట్ అనే డ్రైవర్, రెక్క విరిగి ప్రమాదానికి గురయ్యాక, కారు ఇంకొంచెం గట్టిగా చేయమని, అందుకోసం కొన్ని కిలోలు పెరిగినా ఫర్వాలేదని చాప్‌మన్‌కి ఉత్తరం రాశాడు. 1970 సెప్టెంబర్‌లో మోంజాలో ముందు బ్రేకు షాఫ్టు విరిగి రింట్ కారు రెయిలింగ్‌కి గుద్దుకుంది. ఆ రెయిలింగ్ కూడా సరిగ్గా బిగించినది కాదు. అతను చనిపోయాడు. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ అతనే, చనిపోయాక.

ఉత్తరం చేరింది, లెక్క మారలేదు. ఇంజినీర్‌గా ఈ ఘట్టం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎలీట్ మౌంటింగ్‌లు పీక్కొచ్చినప్పుడు బాబిన్ పెట్టిన మనిషే ఈయన. కారు ఓడితే మార్చేవాడు, అమ్ముడుపోకపోతే మార్చేవాడు. లోపల కూర్చున్నవాడు భయపడుతున్నాడంటే మాత్రం అంత త్వరగా మార్చలేదు.

చివరి అంకం ఇంకా చేదు. 1978లో అమెరికన్ జాన్ డెలోరియన్ తన కారుని ఉత్పత్తికి సిద్ధం చేసే పని లోటస్‌కి ఇచ్చాడు. స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుల కింద ఆ కారు గుల్ల కూడా చాప్‌మన్ వ్యాక్యూమ్ పద్ధతిలో చేసిన ఫైబర్‌గ్లాసే. ఫ్యాక్టరీ పెట్టింది ఉత్తర ఐర్లాండ్‌లో, బ్రిటన్ ప్రజల సొమ్ముతో, ఉద్యోగాల్లేని కుర్రాళ్లకి పని దొరుకుతుందని. లోటస్‌కి చేరాల్సిన డబ్బులో కోటీ డెబ్బై లక్షల డాలర్లకి పైగా పనామాలో రిజిస్టరైన ఓ కంపెనీ ద్వారా దారి మళ్లింది. 1982లో డెలోరియన్ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడి వాళ్ల ఉద్యోగాలు పోయాయి.

ఆ ఏడాదే డిసెంబర్ 16 తెల్లవారుజామున చాప్‌మన్ గుండెపోటుతో చనిపోయాడు. 54 ఏళ్లు. అదే రోజు ఆయన టీమ్ కంప్యూటర్‌తో నడిచే యాక్టివ్ సస్పెన్షన్ రేసు కారుని మొదటిసారి ట్రాక్ మీద పరీక్షించింది. కేసు మాత్రం ఆగలేదు. లోటస్ ఖాతాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కి 1992లో బెల్‌ఫాస్ట్ కోర్టు మూడేళ్ల జైలు వేసింది. చాప్‌మన్ బతికి ఉంటే కనీసం పదేళ్లు పడేవని జడ్జి అన్నాడు.

మొదటి ఎలీట్లు తయారై అరవై ఏళ్లు దాటింది. తుప్పు పట్టేది కాదు కాబట్టి చాలా మిగిలాయి, పాత కార్ల మార్కెట్‌లో మంచి ధర పలుకుతాయి. కొనేవాళ్లు ముందు రంగు చూడరు. కారు కింద పడుకుని, వెనక చక్రాల మౌంటింగ్‌ల దగ్గర టార్చి వేసి, ఎవరైనా ఎప్పుడైనా గుడ్డ వేశారా, వేస్తే అరగదీసి వేశారా, ఉత్తినే అతికించారా అని చూస్తారు.